కొండ ఎంత జారింది? లెక్క మన ఊళ్లో!

సుల్తాన్‌బజార్ అంటే చీరలు, గాజులు, బేరాలు. పండగ ముందైతే కాలు పెట్టే చోటుండదు. 1933 దాకా దీని పేరు రెసిడెన్సీ బజార్. పక్కనే కోఠిలో, మహిళా విశ్వవిద్యాలయం ఆవరణలోని పెద్ద స్తంభాల మేడే ఆనాటి బ్రిటిష్ రెసిడెన్సీ.

రెసిడెన్సీ హవా నడిచే ఆ రోజుల్లోనే, 1818 చివర్లో ఓ 28 ఏళ్ల అధికారి హైదరాబాద్ వచ్చాడు. పేరు జార్జ్ ఎవరెస్ట్. అవును, ఆ శిఖరానికి పెట్టింది ఈయన పేరే! 1802లో మద్రాసులో మొదలుపెట్టి దేశాన్ని త్రిభుజాలుగా కొలుస్తూ వస్తున్న విలియం లాంబ్టన్ దగ్గర సహాయకుడిగా చేరాడు. ఆ సర్వే హిమాలయాల దాకా వెళ్లి, 1856లో ఎవరెస్టు ఎత్తు 29,002 అడుగులని ప్రకటించింది.

కొండల్ని కొలిచే పని నగరాన్ని వదల్లేదు. కాకపోతే బాలానగర్‌కు మారింది. అక్కడి జాతీయ దూరసంవేదన కేంద్రం శాస్త్రవేత్తలు 2011 సిక్కిం, 2015 నేపాల్ భూకంపాలకు విరిగిపడిన కొండచరియల్ని ఉపగ్రహ చిత్రాల్లో గుర్తించారు.

ఎంత మట్టి జారిందో ఎలా తెలుస్తుంది? మన రెండు కళ్లలా, 2005లో ఎగిరిన కార్టోశాట్-1కు రెండు కెమెరాలు. ఒకే నేలను రెండు కోణాల్లో చూస్తే ఎత్తు తెలుస్తుంది. ఇక మిగిలింది బజారు లెక్కే. పొద్దున్న ఉన్న సరుకులోంచి సాయంత్రం మిగిలింది తీసేసినట్టు, భూకంపానికి ముందు ఎత్తుల్లోంచి తర్వాతి ఎత్తులు తీసేయాలి. తగ్గినచోట కొండ విరిగింది, పెరిగినచోట మట్టి పేరుకుంది.

చెప్పినంత తేలికేం కాదు. రెండు పటాలూ కాస్త పక్కకు జరిగినా, ఏటవాలు కొండమీద లేని జారుడు కనిపిస్తుంది. అందుకే కదలని నేల దగ్గర తేడా సున్నా వచ్చేదాకా సరిచూస్తారు. చెట్లతో మరో చిక్కు. కెమెరాకు కనిపించేది చెట్ల తలలే. అడవి కూలినా కొండే కుంగినట్టు లెక్క వస్తుంది!

అన్నిటికన్నా ముఖ్యం, 'ముందు' కొలత ఉండాలి. అది లేకపోతే దేన్లోంచి తీసేస్తాం? ఏ ఉపద్రవమూ లేని రోజున కొలిచిపెట్టిన ఎత్తులే అప్పుడు అక్కరకొస్తాయి. జారిన చరియ నదికి అడ్డం పడితే వెనక చెరువు తయారవుతుంది. ఆ మట్టికట్ట ఎత్తెంతో, వెనక ఎంత నీరు నిలుస్తుందో తెలిస్తేనే దిగువన ఏ ఊళ్లను ముందు ఖాళీ చేయించాలో అధికారులు తేల్చుకోగలరు.