అంగుళం ఎత్తులో ఏముంది?

మెడనొప్పి మొదలైంది నాగార్జునసాగర్ నుంచి తిరిగొచ్చిన రాత్రి. హైదరాబాద్ నుంచి రానూపోనూ దాదాపు 300 కిలోమీటర్లు. నా ఎత్తు ఆరడుగులు. బండి హిమాలయన్, 2016లో మార్కెట్లోకి వచ్చిన 411 సీసీ రకం. గతుకుల్లో లేచి నిలబడి నడిపితే హ్యాండిల్ మీదికి వంగక తప్పదు. "మెడను మార్చలేవు, హ్యాండిల్‌ను మార్చు" అన్నాడో మిత్రుడు. పుత్లీబౌలికి వెళ్లి ఒక జత రైజర్లు కొన్నాను. అగ్గిపెట్టెంత అల్యూమినియం దిమ్మెలవి. హ్యాండిల్ బిగింపుల కింద పెట్టి పొడుగాటి బోల్టులు వేస్తే చాలు, హ్యాండిల్ అంగుళం పైకి లేస్తుంది.

ఆదివారం పొద్దున అరగంటలో పని ముగించాను. కూర్చుని చూశాను, నిలబడి చూశాను. వెన్ను నిటారుగా ఉంది. వీధి చివరిదాకా తిన్నగా వెళ్లి, అక్కడ బండి దిగి తోసుకుంటూ తిప్పుకుని వచ్చాను. అంతా భేషుగ్గా ఉందనుకున్నాను.

సాయంత్రం ఎనిమిదేళ్ల మా అమ్మాయిని వెనక కూర్చోబెట్టుకుని, గేటు దగ్గర హ్యాండిల్ పూర్తిగా ఎడమకు తిప్పాను. యాక్సిలరేటర్ జోలికే పోలేదు. అయినా ఇంజను గయ్యిమంది, బండి ముందుకు దూకింది. క్లచ్ పట్టి బ్రేకు తొక్కేసరికి ముందు చక్రం వాచ్‌మన్ కుర్చీకి జానెడు దూరంలో ఉంది. "కొత్త బండా సార్?" అని ఆయన నవ్వాడు. మా అమ్మాయీ నవ్వింది. నాకు మాత్రం కాళ్లు వణికాయి.

మర్నాడు మా వీధి మెకానిక్ ఒక్క చూపు చూసి, "హ్యాండిల్ లేపారు సార్, వైర్లు లేపలేదు" అన్నాడు. కేబుల్ అంటే తొడుగులో కదిలే ఉక్కుతీగ. హ్యాండిల్ పైకి లేచినా కేబుల్ పొడవు పెరగదు కదా. తిన్నగా ఉన్నప్పుడు సరిపోయిన పొడవు, ఎడమకు తిప్పి కుడి పిడి ముందుకు జరిగేసరికి చాలలేదు. తొడుగు బిగుసుకుపోయి లోపలి తీగను లాగింది. చెయ్యి పెట్టకుండానే యాక్సిలరేటర్ ఇచ్చినట్టయింది.

ఆయన ట్యాంకు వదులు చేసి, కేబుళ్లను ఫ్రేముకు కట్టిన ప్లాస్టిక్ టైలు కోసేశాడు. యాక్సిలరేటర్ కేబుల్‌ను చుట్టుదారి నుంచి తప్పించి దగ్గరదారిలో, ఎక్కడా మడత పడకుండా తీసుకొచ్చాడు. క్లచ్ కేబుల్‌కూ అదే వైద్యం. స్విచ్చుల వైర్లకు కాస్త వదులిచ్చాడు. ముందు బ్రేకు గొట్టాన్ని మాత్రం విడిగా చూశాడు. బండిని స్టాండు వేసి ముందు చక్రం గాల్లోకి లేపితే ఫోర్కులు సాగుతాయి, గొట్టానికి ఎక్కువ పొడవు కావలసింది అప్పుడే. అప్పటికీ బిగుసుకోలేదు. "ఇది చాలకపోతే పొడుగుది వెయ్యాలి, లేదా రైజర్లు తీసెయ్యాలి. మూడో దారి లేదు" అన్నాడు.

చివరికి అసలు పరీక్ష. ఇంజను ఆన్ చేసి, హ్యాండిల్‌ను ఎడమ కొస నుంచి కుడి కొసకు నెమ్మదిగా తిప్పి చెవి ఒగ్గి విన్నాడు. చప్పుడు మారలేదు. యాక్సిలరేటర్ తిప్పి వదిలితే రెండు కొసల్లోనూ దానంతట అదే వెనక్కి వచ్చింది. క్లచ్ లీవర్ దగ్గర రెండు మూడు మిల్లీమీటర్ల వదులూ అలాగే ఉంది. రెండు నిమిషాల పరీక్ష. నేను చెయ్యనిది అదే.

బండి మార్పులపై మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉంది. రిజిస్ట్రేషన్ వివరాలు తయారీదారు నిర్దేశించినదానికి భిన్నంగా మారే మార్పులు కూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. వాహన మౌలిక లక్షణాన్ని మార్చేదే మార్పు అంటుంది ఆ సెక్షన్. రాజనీతిశాస్త్రం చదివిన వాడికి ఆ మాట వింటే 1973 నాటి కేశవానంద భారతి కేసు గుర్తు రాకమానదు. అంగుళం ఎత్తు మౌలిక లక్షణాన్ని మారుస్తుందా అని కోర్టులో ఎంతసేపైనా వాదించవచ్చు. గేటు దగ్గర నాకు దొరికింది మాత్రం ఒక్క క్షణమే.

మెడనొప్పి తగ్గింది. "నాన్న బండి ఎగిరింది" అని మా అమ్మాయి ఇంట్లో అప్పుడే చెప్పేసింది కాబట్టి దాచడానికేమీ లేకుండా పోయింది. వాచ్‌మన్ మాత్రం ఇప్పటికీ నా బండి చప్పుడు వినగానే, ఏమీ అనకుండా, కుర్చీ కాస్త పక్కకు జరుపుకుంటాడు.