టైరు ఓర్చుకోలేదు

ఈసారి పోస్టు ఆలస్యమైంది. కారణం ఒక టైరు, ఒక మాట.

మాది డాలస్ దగ్గర. నిరుడు ఒక పాత ట్రావెల్ ట్రైలర్ కొన్నాను. రెండు ఇరుసులు, నాలుగు చక్రాలు. తెనాలి నుంచి తాతయ్య వచ్చారు కదా, ఆయనకి పాలో డ్యూరో లోయ చూపిద్దామని బయల్దేరాం. తాతయ్య ముప్పై ఏళ్ళు లారీ నడిపారు.

డెకేటర్‌లో డీజిల్ కోసం ఆగాం. తాతయ్య ట్రైలర్ చుట్టూ తిరిగి, ఎడమవైపు వెనక టైరు మీద చెయ్యి పెట్టి, "ఇది ఒరుసుకుంటోంది అమ్మాయ్" అన్నారు. నాకు "ఓర్చుకుంటోంది" అని వినిపించింది. ఆ మాట నాకు తెలుసు, అమ్మ రోజూ అంటుంది. "అవును తాతయ్యా, పాపం బాగా ఓర్చుకుంటోంది" అని నవ్వి బండెక్కాను. ఆయన ఇంకేమీ అనలేదు. తన మాట నేను లెక్కచెయ్యలేదని అనుకున్నారట.

ఇంకో 70 మైళ్ళు పోయాక, విచిటా ఫాల్స్‌లో దిగగానే రబ్బరు కాలిన వాసన. అదే టైరు. పైన లోతుగా గాడి పడి, లోపలి దారాలు కనిపిస్తున్నాయి. చక్రం పైనున్న డొప్పంతా నల్లటి పొడి. ఇంకాసేపు హైవే మీద అదే వేగంతో పోయుంటే ఆ టైరు పేలేది. నా చేతులు వణికాయి.

అప్పుడు తాతయ్య రెండు చేతులూ ఒకదానికొకటి రాస్తూ చూపించారు. ఒరుసుకోవడం అంటే రెండు వస్తువులు రాసుకుని అరిగిపోవడం. ఓర్చుకోవడం వేరు, ఒరుసుకోవడం వేరు. ఈ తేడా నేను ఇక మర్చిపోను.

స్టెప్నీ వేశాం. (ఇది కూడా తాతయ్య మాటే.) ట్యాంకులో 40 గ్యాలన్ల నీళ్ళు వదిలేశాం, అంటే దాదాపు 150 కిలోల బరువు తగ్గింది. లోయ సంగతి వదిలేసి, చిన్న రోడ్ల మీద నెమ్మదిగా ఇంటికొచ్చాం.

స్టెప్నీ వేసేటప్పుడే ఒకటి గమనించాను. అది మిగతా టైర్ల కన్నా చిన్నది. ట్రైలర్ ఎడమవైపు ముందు గోడ మీద కంపెనీ స్టిక్కర్ చూస్తే 205/75 ఆర్ 15 అని ఉంది. నాలుగు చక్రాలకీ ఉన్నవి 225/75 ఆర్ 15. పాత యజమాని మార్చినట్టున్నాడు. లెక్క వేస్తే పెద్ద టైరు ఎత్తు 30 మిల్లీమీటర్లు ఎక్కువ. అంటే టైరు పైన ఖాళీ 15 మిల్లీమీటర్లు తగ్గుతుంది.

"దొరికింది తాతయ్యా!" అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు. "అదే అయితే నాలుగూ ఒరుసుకోవాలి కదమ్మా. ఒక్కటే ఎందుకు?"

నిజమే. చదునైన చోట నిలబెట్టి టేపుతో కొలిచాను. కుడివైపు వెనక టైరుకి, డొప్పకి మధ్య రెండున్నర అంగుళాలు. ఎడమవైపు ఒకటింపావు. అంటే ఆ మూల కిందికి కుంగింది.

రెండోవైపు చక్రాలకి అడ్డు పెట్టి, జాకీ ఫ్రేమ్ కింద పెట్టి లేపాం. ఇరుసు కింద పెట్టకూడదు, వంగిపోతుంది. స్టాండ్లు పెట్టాకే కిందికి దూరాను. తాతయ్య కుర్చీలో కూర్చుని టార్చి వేశారు.

"కమాను చూడు" అన్నారు. లీఫ్ స్ప్రింగ్‌ని తెలుగులో కమాను అంటారని అప్పుడే తెలిసింది. విల్లులా వంగి ఉండాల్సింది దాదాపు తిన్నగా ఉంది. ఒక పట్టీ విరిగింది. కమానుని పట్టుకునే బోల్టుల దగ్గర ప్లాస్టిక్ బుష్‌లు అరిగి లేకుండా పోయాయి. గుండ్రంగా ఉండాల్సిన రంధ్రాలు కోడిగుడ్డు ఆకారంలోకి వచ్చాయి. అక్కడా ఇనుము ఇనుముతో ఒరుసుకుంటోంది!

నాలుగు కమాన్లూ మార్చాం. ఒక్కటే మారిస్తే బండి ఒక పక్కకి వాలుతుందని తాతయ్య ఒప్పుకోలేదు. గ్రీజు పెట్టగలిగే కంచు బుష్‌లు వేశాం. టైర్లు మళ్ళీ 205 సైజువే కొన్నాను. యాభై మైళ్ళు తిప్పాక చక్రాల నట్లన్నీ మళ్ళీ బిగించాను. ఇప్పుడు రెండువైపులా ఖాళీ సమానం.

పని అయ్యాక అడిగాను, "డెకేటర్‌లో గట్టిగా చెప్పొచ్చు కదా తాతయ్యా?" అని.

"నీకు తెలుగు వచ్చనుకున్నాను" అన్నారు.

ఆయన వెక్కిరించలేదు. అయినా రెండు రోజులు ఆ మాట నన్ను గుచ్చింది. అర్థం కానప్పుడు నవ్వి తల ఊపడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. నాలాగే మీలో చాలామందికి ఉంటుంది. ఇక నుంచి "అంటే ఏంటి?" అని అడుగుతాను. ఎన్నిసార్లైనా సరే.

వచ్చే నెల తాతయ్య వెళ్ళిపోయేలోగా లోయకి మళ్ళీ బయల్దేరుతున్నాం. ఈసారి ఆగిన ప్రతిచోటా టైర్లు ముందు ఆయనే చూస్తారు. నేను పక్కనే నిలబడి వింటాను.

తప్పులుంటే చెప్పండి.