సాంబ్రాణికి పథ్యం

పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందంటారు. అల్ ఖువైర్‌లో మేమూ అదే పని చేస్తున్నాం. 11 ఏళ్ళలో ఇది నాలుగో ఫ్లాటు. దీని మెట్లకింద దొరికిన పొగరంగు పిల్లికూనని మా పిల్లలు ఇంట్లోకి తెచ్చారు. రంగుని బట్టి సాంబ్రాణి అని పిలుస్తున్నాం. ఒమాన్‌లో ఉంటూ ఇంకేం పేరు పెడతాం!

ఆరో నెల రాగానే ఆపరేషన్ చేయించెయ్యమన్నారు డాక్టరుగారు. ఆడపిల్లి నాలుగైదు నెలలకే ఎదకు రావచ్చు, కడుపు నిలిస్తే రమారమి తొమ్మిది వారాల్లో పిల్లల్ని పెడుతుంది. మా సందులో చెత్తడబ్బాల చుట్టూ తిరిగే పిల్లి సంసారాలు చూస్తూనే ఉన్నాం. 40 డిగ్రీలు దాటిన ఎండల్లో వాటి కూనలు ఎన్ని మిగులుతాయో కూడా చూస్తున్నాం. అంచేత ఒప్పుకున్నాం.

విజిట్ వీసా మీద వచ్చి ఉన్న పిల్లల అమ్మమ్మగారు మాత్రం ఒప్పుకోలేదు. "నన్నెవరడిగారు గనక, దీన్నడగడానికి!" అన్నారు. ఆవిడకి 1983లో, రెండో కాన్పు అవగానే, ఆపరేషన్ చేశారు. ఇదేం పాతకాలపు ముచ్చట కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ళ వివాహిత స్త్రీలలో సుమారు 70 శాతం మందికి ఈ ఆపరేషన్ అయింది. మనుషులకి గొట్టాలు ముడివేసి వదిలేస్తారు, పిల్లికి అండాశయాలు, గర్భసంచీ కూడా తీసేస్తారు అని వివరించాం. "అయితే మరీ పెద్దదన్నమాట" అని ఊరుకున్నారు.

సాయంత్రం ఇంటికి తెచ్చేసరికి సాంబ్రాణి కల్లు తాగినట్టు తూలుతోంది. మత్తు దిగేదాకా ఒంట్లో వేడి నిలవదు, చలి తగలనివ్వకూడదన్నారు. మే నెలలో, మస్కట్‌లో, ఏసీ ఆపి కూర్చున్నాం! మేము గంటకే చల్లగదిలోకి జారుకున్నాం. అమ్మమ్మగారు తువ్వాలు చుట్టిన బుట్ట పక్కన, విసనకర్ర కూడా లేకుండా, తెల్లవార్లూ కూర్చున్నారు.

మర్నాటినించి అసలు పేచీ. ఆపరేషనయిన ఒంటికి వెల్లుల్లికారం పెట్టాలని ఆవిడ పట్టు. వెల్లుల్లి, ఉల్లి పిల్లి రక్తకణాల్ని పాడుచేస్తాయి. పోనీ పాలు? చాలా పిల్లులకి పెద్దయ్యాక పాలు అరగవు, విరేచనాలు పట్టుకుంటాయి. కుట్టు మీద పసుపు వేస్తే నాకి నాకి కుట్టే ఊడదీసుకుంటుంది. ఇక ముఖ్యమైనది, ఇది మీలో పిల్లుల్ని పెంచేవారందరూ గుర్తుంచుకోవాలి: మన ప్రతి ఇంట్లోనూ ఉండే పానడాల్, క్రోసిన్ పిల్లికి విషం. పారాసెటమాల్‌ని దాని కాలేయం విరగ్గొట్టలేదు. చిన్నముక్క కూడా ప్రాణం తీస్తుంది. నొప్పికి డాక్టరిచ్చిన మందు తప్ప మరేదీ వద్దు.

మిగతావి చిన్న పనులే. మెడకి గరాటులాంటి కాలరు. ఇసుక కుట్టుకి అంటుకోకుండా పళ్ళెంలో చింపిన న్యూస్‌పేపరు. ఎగిరి దూకకుండా సోఫాల్లేని గది. రోజుకి రెండుసార్లు కుట్టు చూడటం: వాపు, చీము, నెత్తురు ఉన్నాయా అని. ఒక రోజంతా తిండి ముట్టకపోయినా, చిగుళ్ళు పాలిపోయినా ఆగకుండా డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి.

కుట్టు చూసే పని అమ్మమ్మగారే తీసుకున్నారు. మూడోరోజు పొద్దున్న, సాంబ్రాణిని ఒళ్ళో వెల్లకిలా పడుకోబెట్టుకుని, ఎవరితోనో చెబుతున్నట్టు అన్నారు: "మూడో రోజున నేను నూతినించి బిందెతో నీళ్ళు మోశాను." అది మా ఇద్దరిలో ఎవరికీ అంతవరకూ తెలియదు. ఏమనాలో తోచక టీ పెట్టి తెచ్చాం.

పన్నెండో రోజున డాక్టరుగారు కాలరు తీశారు. సాంబ్రాణి గంటసేపు ఒళ్ళంతా నాక్కుని, ఫ్రిజ్ మీదికి దూకింది. అమ్మమ్మగారు కుర్చీ వేసుకుని ఎక్కి, దింపి, పొట్ట మీద వెంట్రుకలు ఎంతవరకూ మొలిచాయో చూశారు.