తప్పు పెట్రోలుది కాదు

సినిమాల్లో హీరోయిన్ కారు నడిరోడ్డు మీద ఆగిపోతుంది. హీరో ఎక్కడినుంచో ఊడిపడతాడు, బానెట్ ఎత్తుతాడు, లోపల ఏదో తీగ కదుపుతాడు. అంతే, కారు స్టార్టు, వెంటనే పాట! 1982 వేసవిలో నిజాంసాగర్ కట్ట దగ్గర నేనూ బానెట్ ఎత్తాను. పాట రాలేదు. తమ్ముడితో తగాదా వచ్చింది.

కారు మా బావగారిది. మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్, రెండు తలుపులది. దాన్ని స్పోర్ట్స్ కారంటే పెద్దవాళ్లు నవ్వేవారు. మరీ అబద్ధమేం కాదండోయ్! ఇంగ్లండులో 1962లో వచ్చిన ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ స్పోర్ట్స్ కారుని ఈ హెరాల్డ్ ఛాసిస్‌నే కురచ చేసి కట్టారు. బానెట్ ఎత్తితే మడ్‌గార్డులతో సహా ముందుభాగమంతా ముందుకి ఒరుగుతుంది. టైరు మీద దర్జాగా కూర్చుని ఇంజను విప్పుకోవచ్చు.

కామారెడ్డిలో పెట్రోలు పోయించమని తమ్ముడి చేతికి డబ్బిచ్చి, నేను టీ తాగడానికి పోయాను. ఎల్లారెడ్డి దాటాక జబ్బు మొదలైంది. నిలబడి ఉన్నంతసేపూ ఇంజను చక్కగా తిరుగుతుంది. ఆక్సిలేటర్ తొక్కామా, దగ్గు, కుదుపులు, ఆ తర్వాత నిశ్శబ్దం. మంజీర మీద 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తిచేసిన ఆ కట్టని చూడాలనే బయల్దేరాం. తీరా చేరాక కట్టని ఎవడు చూశాడు!

నాకు తెలిసిన పరీక్ష ఒకటుంది. డిస్ట్రిబ్యూటర్ మూత మధ్యలోని తీగ పీకి, కొనని ఇంజనుకి దగ్గరగా పట్టుకుని, తమ్ముణ్ణి సెల్ఫ్ కొట్టమన్నాను. టప్పున నీలం రవ్వ. కరెంటు బాగానే ఉంది. అయితే పెట్రోలే!

"ఒరేయ్, కిరసనాయిలు కలిపిన సరుకు చవగ్గా పోయించావు కదూ? మిగిలిన డబ్బు ఎవరి జేబులో ఉంది?"

వాడు ఒక్క మాటన్నా అనలేదు. దిగి, బస్సులాగే చోటికి నడిచి వెళ్లిపోయాడు. నాకు పౌరుషం. పిలవలేదు.

కార్బురేటర్ విప్పబోతుంటే ఇరిగేషన్ వాళ్ల జీపు నడిపే పెద్దాయన వచ్చాడు. సంగతి విని నా చేతిలో స్పానరు తీసి పక్కన పెట్టాడు. "జర ఆగుండ్రి సారూ. ఇంజన్ చాలూ జేయుండ్రి."

కార్బురేటర్ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కి సన్నటి గొట్టం ఒకటి పోతుంది. ఆయన ఇటు కొన ఊడదీసి, నోట్లో పెట్టుకుని గట్టిగా పీల్చాడు. ఇంజను భక్కున దగ్గింది! వదిలాడు, తేరుకుంది. మళ్లీ పీల్చాడు, మళ్లీ దగ్గు. ఏ హీరో ఇలా గొట్టం పీల్చగా నేనైతే చూడలేదు.

"పెట్రోల్ గాదు సారూ. కరెంటే."

మూత తీసి చూపించాడు. మనం ఆక్సిలేటర్ తొక్కినప్పుడు ఆ గొట్టంలో పుట్టే పీల్పు, లోపల పాయింట్లు బిగించిన పళ్లేన్ని కాస్త తిప్పుతుంది. రవ్వ కొంచెం ముందుగా పడాలని ఆ ఏర్పాటు. పళ్లెంతోబాటు పాయింట్లకి పోయే చిన్న తీగా వంగుతుంది. ఏళ్ల తరబడి వంగి వంగి లోపలి రాగి పోగులు తెగాయి. పైతొడుగు మాత్రం కొత్తదానిలా ఉంది. ఆయన గోళ్లతో పట్టి లాగితే రబ్బరు సాగినట్టు సాగింది! పళ్లెం కదలనంతసేపూ తెగిన కొనలు ఆనుకునే ఉంటాయి, కదిలితే విడిపోతాయి. నా పరీక్షలో పళ్లెం కదిలితేగా! రవ్వ రాక ఏం చేస్తుంది? ఇప్పటి కార్లలో అసలు పాయింట్లే లేవు కాబట్టి మీకీ బాధ లేదు.

"చాచా, ఏదన్నా తీగ ముక్క కట్టేద్దామా?" అన్నాను.

"ఒంటి తీగ ఏస్తే బాన్సువాడ దాంక గూడ రాదు," అంటూ పాత టేబుల్ ఫ్యాను వైరులోంచి సన్నపోగుల తీగ ముక్క కోసి బిగించాడు. డబ్బు ఇవ్వబోతే వద్దన్నాడు. "మీతోని ఒచ్చిన పోరడేడి?" అనడిగాడు. నా దగ్గర జవాబు లేదు. "బాన్సువాడ బస్సెక్కినట్టుండు," అని ఆయనే అన్నాడు.

ఎంత తొక్కినా కారు దగ్గలేదు. బాన్సువాడ బస్టాండులో వాడు బెంచీ మీద కూర్చుని ఉన్నాడు.

"పెట్రోలు కాదురా... తీగ," అన్నాను.

వాడు జేబులోంచి బంకు రశీదూ, దానికి చుట్టిన చిల్లరా తీసి నా చేతిలో పెట్టాడు. "లెక్క చూస్కో అన్నా," అన్నాడు.

ముందు సీటు ఖాళీగానే ఉంది. వాడు దాన్ని మడిచి, వెనక్కి పోయి కూర్చున్నాడు.