ఎనిమిది సిలిండర్ల ఈల

కర్నూలు, కడప పల్లెల్లో యాభై దాటినవాళ్లకు ఆయిల్ ఇంజన్ చప్పుడు గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. ఒకే సిలిండరు, పక్కన బరువైన చక్రం. డుగ్... డుగ్... డుగ్. లిస్టర్ నమూనాలో రాజ్‌కోట్‌లో తయారైన పాత రకాలు నిమిషానికి 650 చుట్లు తిరిగేవి. ఫోర్ స్ట్రోక్ గనక రెండు చుట్లకు ఒకసారే పేలుడు. అంటే సెకనుకు అయిదు దెబ్బలు, పైన కొంచెం చిల్లర. ప్రతి దెబ్బా చెవికి విడిగా అందేది.

అమెరికాలో తయారైన బుల్లి వీ-8 ఇంజను కాన్లీ స్టింగర్ 609 సంగతి వేరు. మొత్తం కలిపి సుమారు 100 సీసీ. మన స్ప్లెండర్ బండికి ఒక్క సిలిండరులో ఉన్నంత చోటునే ఎనిమిదింటికి పంచారన్నమాట! 9,000 చుట్ల దగ్గర సెకనుకు 600 పేలుళ్లు. దెబ్బలన్నీ కలిసిపోయి ఒకటే రాగం. పెద్ద కారు గాంభీర్యం ఆశించినవాళ్లకు ఈల వినిపిస్తుంది.

పనితనమా? కొలతలు సగమైతే ఘనపరిమాణం ఎనిమిదో వంతుకు పడిపోతుంది, గోడల వైశాల్యం మాత్రం నాలుగో వంతు దగ్గరే ఆగుతుంది. వేడి గోడల్లోంచే పారిపోతుంది గనక చిన్న సిలిండరులో వృథా ఎక్కువ. జపాన్ ఓఎస్ కంపెనీ నాలుగు సిలిండర్ల బుల్లి ఇంజను పెగాసస్ (53 సీసీ) కుదుపు లేకుండా తిరుగుతుంది గానీ, పనికైతే అదే సీసీ సింగిలే చవక, తేలిక.

మళ్లీ మన ఆయిల్ ఇంజన్ దగ్గరికొస్తే, సీమలో దాన్ని ఓడించింది లోతుకు దిగిన నీళ్లే. ఏడెనిమిది మీటర్ల లోతు దాటితే పైనున్న పంపు నీటిని పీల్చలేదు. బోర్లొచ్చాయి, సబ్‌మెర్సిబుల్ మోటార్లొచ్చాయి.

మీ దొడ్లో పాత ఇంజనుంటే తూకానికి అమ్మేముందు ఒక్కసారి తిప్పి, ఆ చప్పుడు ఫోన్‌లో రికార్డు చేసి పెట్టండి.