మూత్రనాళిక: ఆస్పత్రి మంచం దాటిన తరువాత

కొద్ది నెలల క్రితం హిందూపురం నుంచి ధర్మవరం వెళ్ళే రైలులో నా ఎదుట ఒక పెద్దాయన కూర్చున్నాడు. పక్కనున్న యువకుడు, బహుశా ఆయన కొడుకు, ఒక గుడ్డసంచిని కిటికీ దగ్గరి కొక్కేనికి తగిలించాడు. అందులోనుంచి సన్నని గొట్టమొకటి పెద్దాయన పంచె మడతలలోకి పోతున్నది. లోపల ఉన్నది మూత్రపు సంచి అని నాకు వెంటనే తెలిసింది. లేచి, నేను వైద్యుణ్ణని చెప్పి, ఆ సంచిని కొక్కెం నుంచి దింపి ఆయన మోకాలి కిందికి వచ్చేటట్లు కట్టించాను.

"పైన తగిలిస్తే నలుగురి కాళ్ళు తగలవని అట్ల పెట్టినాను సార్" అన్నాడు యువకుడు.

అతని ఆలోచనలో తప్పేమీ లేదు. సంచి ఎప్పుడూ మూత్రాశయానికి దిగువనే ఉండాలని, పైకెత్తితే గొట్టంలో నిలిచిన మూత్రం సూక్ష్మజీవులతో సహా వెనుకకు పారుతుందని అతనికి ఎవరూ చెప్పలేదు.

పెనుకొండలో వారిద్దరూ దిగిపోయారు. నేను ధర్మవరం చేరేదాకా ఆ గొట్టం గురించే ఆలోచిస్తూ కూర్చున్నాను. ఈ రైలుమార్గంలోని ఊళ్ళ ప్రజలకు వైద్యం చేయడంలోనే నా ఉద్యోగజీవితం గడిచింది. మూత్రనాళికలను, అంటే కాథెటర్లను, కొన్ని వందల మారులు అమర్చి ఉంటాను. అయినా వాటి గురించి నాకు తెలిసిన ముఖ్యమైన సంగతులు రెండింటిని పెనుకొండ దగ్గరి రైతు ఒకరు, ధర్మవరం నేతగాడు ఒకరు నాకు నేర్పారు. ఆ సంగతులు పాఠకులతో పంచుకోవాలని ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

శరీరంలో నిలిచిపోయిన ద్రవాన్ని గొట్టంతో వెలికి తీయడం ప్రాచీనమైన చికిత్స. జలోదరంలో పొట్టకు చిన్న రంధ్రం చేసి, తగరం మొదలైన లోహాలతో చేసిన గొట్టాన్ని గాని, పక్షి ఈక కాడను గాని అమర్చి నీటిని తీయాలని సుశ్రుతసంహిత చెబుతుంది. ఆ నీటినంతా ఒకే రోజున తీయరాదని కూడా హెచ్చరిస్తుంది. పరికరాన్నీ, దానిని వాడవలసిన నియమాన్నీ ఒకేచోట చెప్పిన ఆ పద్ధతి నాకెంతో నచ్చుతుంది. 1752లో అమెరికాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్, మూత్రాశయంలో రాళ్ళతో బాధపడుతున్న తన అన్న జాన్ కోసం వంగడానికి వీలైన వెండి గొట్టాన్ని వెండిపనివాని చేత చేయించి పంపాడు. 19వ శతాబ్దంలో మెత్తని రబ్బరు గొట్టాలు వచ్చాయి. పారిస్‌లో శస్త్రచికిత్స పరికరాలు చేసే షారియే అనే ఆయన వాటికి కొలతలు ఏర్పరచాడు. ఆ కొలతలో ఒక అంకె అంటే మిల్లీమీటరులో మూడవ వంతు. మనం నేడు 16వ నంబరు కాథెటర్ అంటున్నది సుమారు 5.3 మిల్లీమీటర్ల వెడల్పు కలది.

గొట్టాన్ని లోపలికి పంపడం కంటె దానిని జారిపోకుండా నిలపడం కష్టమయ్యేది. దారాలతోనో, అంటుపట్టీలతోనో బయట కట్టవలసి వచ్చేది. ఈ చిక్కును తీర్చినవాడు అమెరికాలోని సెయింట్ పాల్ నగరపు మూత్రవ్యాధుల నిపుణుడు ఫ్రెడెరిక్ ఫోలీ. గొట్టం కొన దగ్గర చిన్న రబ్బరు బుడగను అమర్చి, లోపలికి పంపిన తరువాత దానిని నీటితో ఉబ్బించే విధానాన్ని ఆయన రూపొందించాడు. 1930లలో అమ్మకానికి వచ్చిన ఈ నాళికకు ఆయన పేరే స్థిరపడింది. నేడు ఏ ఆస్పత్రిలోనైనా కనిపించేది ముఖ్యంగా ఫోలీ కాథెటరే. దాదాపు తొంబై ఏళ్ళలో దాని ఆకారం పెద్దగా మారలేదు.

ఈ ఆకారంలో కొన్ని లోపాలున్నాయి. మూత్రం లోపలికి ప్రవేశించే రంధ్రాలు బుడగకు పైన ఉంటాయి. అందువలన బుడగ చుట్టూ, దాని కింద చేరిన మూత్రం పూర్తిగా బయటకు రాక కొంత నిలిచిపోతుంది. బుడగ దాటి ముందుకు పొడుచుకొని ఉండే కొన మూత్రాశయపు లోపలి పొరను రాపాడిస్తుంది. సాధారణంగా మూత్రాశయం నిండి ఒక్కసారిగా ఖాళీ అయినప్పుడు ఆ ప్రవాహమే సూక్ష్మజీవులను కడిగివేస్తుంది. గొట్టం ఉన్నంతకాలం ఆ సహజరక్షణ ఉండదు. గొట్టపు గోడలపై సూక్ష్మజీవులు జిగురుపొరగా పేరుకొంటాయి. ఆ పొర లోపల దాగినవాటిని ఔషధాలు సులభంగా చంపలేవు. కాథెటర్ ఉన్న ప్రతి దినమూ నూటికి ముగ్గురు నుంచి ఏడుగురి మూత్రంలో కొత్తగా సూక్ష్మజీవులు చేరుతాయని అంచనా. నెల దాటితే దాదాపు అందరిలోనూ అవి ఉంటాయి.

పెనుకొండ రైతు సంగతి ఇక్కడ చెప్పాలి. 1987 వేసవి. డెబ్బై ఏళ్ళ వృద్ధుడు, పౌరుషగ్రంథి పెరగడం వలన మూత్రం బంధించి వచ్చాడు. కాథెటర్ అమర్చగానే ఆయనకు ప్రాణం లేచివచ్చింది. మరునాడు చీటీ వ్రాసి ఇంటికి పంపాను. మూడు వారాలలో తిరిగి రావాలని చీటీలో ఉన్నది, కానీ అది ఆంగ్లంలో ఉన్నది. వచ్చిన జనం తాకిడిలో ఆ మాటను నోటితో చెప్పానో లేదో నాకు గుర్తులేదు. చెప్పలేదనే నా నమ్మకం.

నాలుగు నెలల తరువాత ఆయనను చలిజ్వరంతో ఎడ్లబండి మీద రైలుకు చేర్చి, అక్కడినుంచి నా దగ్గరకు తెచ్చారు. గొట్టం పూడుకుపోయింది. తీద్దామంటే బుడగలోని నీరు వెనుకకు రాలేదు. నీరు పోసే కవాటాన్ని కత్తిరించాను, ఫలితం లేదు. చివరకు ఆ సన్నని మార్గంలోకి పలుచని తీగను పంపగా చాలాసేపటికి బుడగ అణిగింది. బయటికి వచ్చిన గొట్టం కొనకు గుడ్డుపెంకు వంటి గట్టి పూత పట్టి ఉన్నది. దానితోపాటు రక్తమూ వచ్చింది. రెండు రాత్రులు ఆయన బ్రతుకుతాడో లేదో అన్నట్లుగా గడిచాయి.

జ్వరం దిగిన తరువాత, ఇంతకాలం ఎందుకు రాలేదని కొంచెం కోపంగానే అడిగాను.

"తీసేయాలని నాకెవరు చెప్పినారు నాయనా? పెట్టినోళ్ళే తీస్తారులే అనుకుంటి" అన్నాడాయన.

ఆ గుడ్డుపెంకు పూత ఏమిటో వివరిస్తాను. ప్రోటియస్ అనే సూక్ష్మజీవి మూత్రంలోని యూరియాను విడగొట్టి అమ్మోనియాను పుట్టిస్తుంది. అప్పుడు మూత్రం క్షారగుణం పొంది, అందులో కరిగి ఉన్న మెగ్నీషియం, కాల్షియం ఫాస్ఫేటు లవణాలు స్ఫటికాలై గొట్టాన్ని పట్టుకొంటాయి. మూత్రనాళికలు పూడుకుపోవడానికి ఇదే ముఖ్యకారణం. మా ప్రాంతపు ఎండలలో తగినంత నీరు త్రాగనివారి మూత్రం చిక్కబడుతుంది, పూడిక మరింత త్వరగా ఏర్పడుతుంది.

ఈ లోపాలను సరిదిద్దడానికి జరిగిన ప్రయత్నాలు తక్కువేమీ కాదు. సిలికోన్ గొట్టాలు వచ్చాయి. వాటి గోడ పలుచన కనుక, అదే బయటి కొలతలో లోపలి దారి వెడల్పుగా ఉంటుంది. రబ్బరుపాలతో చేసిన లేటెక్స్ గొట్టాల కంటె అవి ఎక్కువకాలం ఉంచదగినవి. సాధారణంగా పన్నెండు వారాల లోపున మార్చాలి. నీరు తగలగానే జారుడుగా మారే పూతలు వచ్చాయి. కొనను బుడగలోనే దాచి, రంధ్రాన్ని కిందికి తెచ్చిన నమూనాలను రూపొందించారు. గొట్టాన్ని ఎవరైనా బలంగా లాగితే మూత్రమార్గం చీలిపోకుండా తానే విడిపోయే రక్షణ అమరికలూ ఉన్నాయి. వెండి పూత పూస్తే సూక్ష్మజీవులు చేరవని చాలామంది ఆశించారు. అయితే బ్రిటన్‌లో 24 ఆస్పత్రులలో 7,102 మంది రోగులతో జరిపి 2012లో ప్రకటించిన పెద్ద పరీక్షలో, కొద్దికాలం కాథెటర్ ఉంచిన రోగులలో వెండి పూత వలన బాధ కలిగించే ఇన్ఫెక్షన్లు తగ్గినట్లు తేలలేదు.

అంతకంటె ఎంతో సామాన్యమైన మార్పు ఒకటి గొప్ప మేలు చేసింది. పూర్వం గొట్టం చివరను మూతలేని సీసాలో వదిలేవారు. అలా వదిలితే నాలుగు రోజులలోనే దాదాపు అందరి మూత్రంలోనూ సూక్ష్మజీవులు చేరేవి. గొట్టాన్నీ సంచినీ ఎక్కడా విడదీయకుండా మూసిన మార్గంగా ఉంచితే ఆ ప్రమాదం ఎంతగా తగ్గుతుందో 1966లో క్యునిన్, మెకార్మాక్ అనే వైద్యులు చూపారు. నేడు మనం చూసే మూసిన సంచి ఆ ఆలోచన ఫలితమే.

పెనుకొండ సంఘటన తరువాత నేను కూడా చిన్న మార్పు ఒకటి చేసుకొన్నాను. ప్రతి సంచి మీద, గొట్టం పెట్టిన తేదీనీ, మార్చవలసిన తేదీనీ తెలుగులో పెద్ద అక్షరాలతో వ్రాసిన పట్టీని అంటించడం మొదలుపెట్టాను. చదువురానివారికి అమావాస్యనో, పండుగనో గుర్తుగా చెప్పేవాణ్ణి. "ఉగాది దాటకుండా రావాలి" అంటే ఎవరూ మరచిపోలేదు.

ధర్మవరం నేతగాడు 1994లో నా దగ్గరకు వచ్చాడు. ఆయనదీ పౌరుషగ్రంథి వ్యాధే. గుండె జబ్బు వలన శస్త్రచికిత్సకు మత్తు ఇవ్వడం ప్రమాదమన్నారు. కాథెటర్‌తోనే కాలం గడపక తప్పలేదు. ఒకనాడు ఆ ఊరికి వేరే పని మీద వెళ్ళి, దారిలోనే కదా అని ఆయన ఇంట్లోకి తొంగిచూశాను. ఆయన మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకొని పట్టుచీర నేస్తున్నాడు. సంచి మాత్రం లేదు. గొట్టాన్ని మధ్యకు మడిచి, పట్టుదారంతో, ఒక్క లాగుతో విడిపోయే ముడి వేసి ఉంచాడు.

నాకు విపరీతమైన కోపం వచ్చింది. మూత్రం వెనుకకు ఒత్తి మూత్రపిండాలు చెడిపోతాయని, ముడి వేసిన చేతి మురికి లోపలికి పోతుందని గట్టిగా మందలించాను.

ఆయన తలవంచుకొని విన్నాడు. తరువాత మెల్లగా అన్నాడు: "పట్టు పక్కన ఆ సంచి పెట్టుకొని ఎట్ల నేసేది సార్? కొనేవాళ్ళకు తెలిస్తే ఆ చీర పెండ్లికి కట్టుకుంటారా? రెండు జానలు నేసినప్పుడల్లా పెరట్లోకి పోయి ముడి విప్పుతా. ఒక్కనాడూ మరచిపోలేదు."

రెండు జానల నేత అంటే ఆయన చేతికి సుమారు మూడు గంటలు. గడియారం లేకుండానే ఆయన కచ్చితమైన వేళలు పాటిస్తున్నాడు. ఆనాడు నేను దానిని గుర్తించలేదు. ముడి విప్పించి, సంచిని మగ్గం గుంటలోకి, తొక్కే కాలికి అవతలివైపున వేలాడదీయించి, అది సరైన ఎత్తులో ఉన్నదని తృప్తిపడి వచ్చాను. నెల తిరగకముందే ఆయన నేత మానేశాడని తెలిసింది. పట్టుదారం ఉన్న గుంటలో ఆ సంచిని ఉంచడానికి ఆయన మనసు ఒప్పుకోలేదు. నా వైద్యం సరిగానే ఉన్నది, ఆయన జీవనాధారం మాత్రం పోయింది.

కొన్నేళ్ళకు ఒక వైద్యపత్రికలో కాథెటర్ వాల్వ్ గురించి చదివాను. గొట్టం చివర సంచికి బదులు చిన్న కవాటం ఉంటుంది. మూత్రాశయం నిండే వరకు మూసి ఉంచి, కొన్ని గంటలకొకసారి తెరవాలి. మూత్రాశయం నిండడం, ఖాళీ కావడం అనే సహజక్రమం కొంత నిలుస్తుంది, సంచి మోయవలసిన పని ఉండదు. చదువుతూ చదువుతూ నేను ఆ పుట దగ్గరే ఆగిపోయాను. ధర్మవరం నేతగాడు పట్టుదారంతో చేసినది అదే కదా! ఆయన ముడి సురక్షితమైనది కాదు, ఆ విషయంలో నా మాట నిజమే. కాని ఆయన అవసరమేమిటో అడిగి, దానికి శుభ్రమైన బిరడా ఒకటి వెదకి ఇవ్వవలసిన నేను, మందలింపుతో సరిపెట్టాను. ఆ చింత నన్ను ఇప్పటికీ విడిచిపెట్టలేదు.

ఫోలీ కాథెటర్‌ను ఆస్పత్రి మంచం మీద పడుకొన్న రోగి కోసం రూపొందించారు. మన రోగులు దానితో బస్సెక్కుతారు, చేనుగట్టు మీద నడుస్తారు, మగ్గం ముందు కూర్చుంటారు. కొత్త నాళికను రూపొందించే ఇంజనీరు గాని, దానిని అమర్చే వైద్యుడు గాని మొదట అడగవలసిన ప్రశ్న: ఈ సంచి రేపు ఎక్కడ వేలాడుతుంది?

పాఠకులకు కొన్ని మనవులు. సంచి ఎప్పుడూ నడుముకు దిగువన, నేలకు తగలకుండా ఉండాలి. గొట్టం లాగుకుపోకుండా తొడకు పట్టీతో అదిమి ఉంచాలి. సంచిని నిండనీయక, మూడింట రెండు వంతులు కాగానే చేతులు కడుక్కొని ఖాళీ చేయాలి. గొట్టాన్నీ సంచినీ ఊరకే విడదీయరాదు. వైద్యులు నీటిని పరిమితం చేయనివారు నీరు బాగా త్రాగాలి. మూత్రం రావడం ఆగినా, గొట్టం పక్కనుంచి కారినా, చలిజ్వరం వచ్చినా, రక్తం కనబడినా ఆలస్యం చేయక ఆస్పత్రికి వెళ్ళాలి. వాల్వ్ అందరికీ తగదు. చేతులకు పట్టు, వేళ గుర్తుంచుకొనే శక్తి, మూత్రాశయానికి తగినంత సామర్థ్యం ఉన్నవారికి వైద్యుని సలహాతోనే అది పనికివస్తుంది. కొందరికి, గొట్టాన్ని లోపల ఉంచకుండా, రోజుకు కొన్ని మారులు శుభ్రంగా తామే పెట్టుకొని తీసివేసే పద్ధతి ఇంకా మేలు. 1972లో అమెరికాలోని మిషిగన్‌లో లాపిడెస్ అనే వైద్యుడు దీనిని ప్రచారంలోకి తెచ్చాడు.

గొట్టం అమర్చిన నాడే మీ వైద్యుణ్ణి రెండు ప్రశ్నలు అడగండి. దీనిని ఎప్పుడు తీస్తారు? ఇది ఉండగా నేను నా పని ఎట్లా చేసుకోవాలి? ఆ జవాబులను తెలుగులో వ్రాయించుకొని, సంచికే కట్టుకొని ఇంటికి వెళ్ళండి.