పత్రికవారి మిద్దె

మా పెద్దమ్మకు ఆదోనిలో రాతిమిద్దె యొకటి కలదు. క్రింద తానుండును, పైగదులలో బడిపంతుళ్లు అద్దెకుందురు. పెదనాన్న పోయిన తరువాత ఆ అద్దెయే ఆమెకు ఆధారము. ఇరువదియేండ్లుగా ఎవరియెదుటను చేయి చాపినది కాదు. ఇటీవల బొంబాయిలోని పెద్దకుమారుడు, తాను కొనదలచిన ఫ్లాటు కొఱకు మిద్దె నమ్ముమని పట్టుపట్టెను. అతనితో మాటలాడుటకు ఆమె బయలుదేరగా మేము తోడు పోయితిమి.

ఆదోనిలో ఎక్కిన రైలు నేరుగ బొంబాయిలో దింపును. దస్తావేజులను పెద్దమ్మ ఎమ్మిగనూరు దుప్పటిలో చుట్టి పెట్టె యడుగున నుంచుకొన్నది. ఆమె పుట్టినిల్లు ఎమ్మిగనూరు. 1938లో మాచాని సోమప్పగారి పూనికతో అచ్చట నేతవారి సహకారసంఘ మేర్పడినది. తమ యూరి మగ్గముమీద నేసినవి తప్ప తక్కినవి ఆమె దృష్టిలో దుప్పట్లే కావు.

మఱునాడు సముద్రపుటొడ్డున నారిమన్ పాయింటునకు పోతిమి. కడలిని పూడ్చి సంపాదించిన నేల యది. అచ్చటి ఆకాశహర్మ్యములలో ఎక్స్‌ప్రెస్ టవర్స్ అనునది 25 అంతస్తులది. ఇండియన్ ఎక్స్‌ప్రెస్ పత్రికాధిపతి రామనాథ గోయెంకాగారు దానిని కట్టించిరి. నిర్మాణశిల్పి జోసెఫ్ అలెన్ స్టీన్ అను అమెరికా దేశస్థుడు. 1972లో పూర్తియైనది. 1938లో మద్రాసున మన ఆంధ్రప్రభ దినపత్రికను ప్రారంభించినదియు ఈ గోయెంకాగారే.

ఆదోని కోటకొండను చూచినట్లే మెడ వెనుకకు వంచి చూచి పెద్దమ్మ, "ఇన్ని అంతస్తులలోను వార్తలు వ్రాయువారేనా?" యని యడిగెను. కాదనియు, చాలభాగము కంపెనీలకు అద్దెకిచ్చిరనియు కుమారుడు చెప్పెను.

"అట్లయిన ఇది మన మిద్దె వంటిదే గదరా!"

మాకు నవ్వు వచ్చినను, ఆలోచింపగా ఆమె మాట సరియే యనిపించినది. పత్రిక వెలతో పత్రిక నడువదు. ప్రకటనలు కావలయును, వాని నిచ్చువారు ఎప్పుడైనను మానవచ్చును. 1975 అత్యవసరపరిస్థితిలో ఆ పత్రిక సంపాదకీయపు చోటును ఖాళీగా విడిచి తన నిరసన తెలిపినది. ప్రభుత్వప్రకటనలు ఆగిపోయినవి. అట్టి సమయమున అద్దె వచ్చు ఇల్లొకటి వెనుక నున్నచో ఎంత ధైర్యము! అయితే ఇల్లున్నచోట నోటీసులును ఉండును. ఢిల్లీలోని ఆ పత్రికాభవనమును గూర్చి ప్రభుత్వమువారు 1980లో పంపిన నోటీసులను 1985లో సుప్రీంకోర్టు కొట్టివేసినది. పురపాలకసంఘమువారి నోటీసు లెఱిగిన పెద్దమ్మ కీ సంగతి మఱింత నచ్చినది.

మన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు ఆంధ్రపత్రికను వారపత్రికగా 1908లో ప్రారంభించినది ఈ బొంబాయిలోనే. దానికి అంతస్తులు లేవు. అంతకుముందే 1893లో ఆయన స్థాపించిన అమృతాంజనము కలదు. మన యిండ్లలో తలనొప్పికి రాచుకొన్న మందు సొమ్ముతో మన భాషలో పత్రిక నడచినదన్నమాట! ఏ పత్రికకైనను ఇట్టి పెరటిచెట్టు ఒకటి ఉండవలెను కాబోలు.

"ఇప్పుడును వారిదేనా ఇది?" యని పెద్దమ్మ మఱల నడిగెను.

గోయెంకాగారు 1991లో గతించిరి. తరువాత వారసులు విడిపోయిరి. కాలక్రమమున సౌధము చేతులు మాఱినది. పేరు మాత్రము ఎక్స్‌ప్రెస్ టవర్స్ అనియే నిలిచియున్నది.

"మఱి అద్దె?"

"కొన్నవారికి, అమ్మా," యని కుమారుడు, ఆ మాట యెటు పోవుచున్నదో గ్రహింపకయే, బదులు చెప్పెను.

ఆ రాత్రి భోజనములైన పిమ్మట అతడు కాగితములు ముందుంచెను. పెద్దమ్మ కండ్లజోడు పెట్టుకొని తుదివఱకు చదివెను. మడిచి అతని చేతికే తిరిగి యిచ్చెను. "నేను పోయిన తరువాత మీ యిష్టము నాయనా" అనెను. కోడలు లోపలికి పోయినది. మాకు తల యెత్తుటకు మనసొప్పలేదు.

తిరుగుప్రయాణమునకు అతడు స్టేషనుకు రాలేదు. రాయచూరు దాటువఱకు పెద్దమ్మ కిటికీవంక చూచుచునే యుండినది. కన్నులు తుడుచుకొని, వానలు పడకమునుపే పైగది కారుట మాన్పింపవలయుననియు, ఈ నెల అద్దెలో దానికి కొంత తీయవలయుననియు మాతో చెప్పినది.